ఇంట్లో చదవండి... బడిలో చెప్పండి!

"ఎమ్మెస్సీ చేద్దామనుకున్నాను సార్, కుదర్లేదు." హైస్కూలు స్టాఫ్‌రూమ్‌లలో తరచూ వినిపించే మాట ఇది. బీఎస్సీ అయింది, బీఎడ్ అయింది, డీఎస్సీలో ఉద్యోగం వచ్చింది. పెళ్లయింది, పిల్లలు పుట్టారు. చదువు మాత్రం అక్కడే ఆగిపోయింది. రెండేళ్లు యూనివర్సిటీకి వెళ్లి కూర్చోవాలంటే జీతం వదులుకోవాలి, ఇల్లు వదిలిపెట్టాలి. ఎంతమందికి సాధ్యం?

ఇప్పుడు ఆ ఇబ్బంది తీరింది. దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సుల మీద 2020 సెప్టెంబరులో యూజీసీ కొత్త నిబంధనలు తెచ్చింది. గుర్తింపు ఉన్న సంస్థ నుంచి, అనుమతి ఉన్న కోర్సులో ఆన్‌లైన్‌లో తెచ్చుకున్న డిగ్రీ కాలేజీకి వెళ్లి తెచ్చుకున్న డిగ్రీతో సమానమేనని 2022లో మరోసారి స్పష్టం చేసింది. ఒకేసారి రెండు కోర్సులు చదువుకోవడానికి కూడా అదే ఏడాది పచ్చజెండా ఊపింది. ఐఐటీ ఆచార్యుల పాఠాలు పైసా ఖర్చు లేకుండా ఫోన్లోకే వస్తున్నాయి.

సీటు దొరకడం తేలికైంది. పూర్తిచేయడం మాత్రం తేలిక కాలేదు. హార్వర్డ్, ఎంఐటీ నడిపిన ఉచిత ఆన్‌లైన్ కోర్సుల లెక్కలు 2019లో 'సైన్స్' పత్రికలో వచ్చాయి. 2017-18లో చేరినవారిలో చివరిదాకా వెళ్లింది 3.13 శాతం మంది. పేరు నమోదు చేసుకున్నవారిలో సగానికి పైగా కోర్సు లోపలికి ఒక్కసారి కూడా వెళ్లలేదు. ఆ పాఠాలు చెప్పినవారు మామూలు వాళ్లు కారు. చేరినవారిలో తెలివికీ కొదవ లేదు. కానీ ఇంట్లో, తెర ముందు, ఒంటరిగా సాగే చదువుకు రోజూ లేపి కూర్చోబెట్టే కారణం ఒకటి ఉండాలి. చాలామందికి అది ఉండదు.

మీకు ఉంది! పొద్దున తొమ్మిదింటికల్లా బల్లల మీద కూర్చుని మీ కోసం ఎదురుచూసే నలభైమంది పిల్లలున్నారు. ఆన్‌లైన్‌లో చదివే బ్యాంకు ఉద్యోగికీ, సాఫ్ట్‌వేర్ ఇంజినీరుకూ లేని వరం ఇది. ఇంట్లో చదివినదాన్ని వెంటనే పరీక్షించుకునే చోటు మీకొక్కరికే దొరుకుతుంది. లెక్కల, సైన్స్ టీచర్ల ఆన్‌లైన్ పీజీ నిలబడాలంటే ఒకటే మార్గం: దాన్ని మీ తరగతికి ముడివేయండి. కోర్సు ఎంచుకోవడం మొదలు పరీక్ష రాయడం వరకూ ఈ ఒక్క సూత్రాన్నీ వదలకండి.

ముందు 'ఎందుకో' తేల్చుకోండి

తెల్లకాగితం మీద ఒక్క వాక్యం రాయండి: "నేను పీజీ ఎందుకు చేస్తున్నానంటే..." గురుకులంలో పీజీటీ పోస్టు కోసమా? జూనియర్ లెక్చరర్ కావాలనా? పదో తరగతి పిల్లలు అడిగే ప్రశ్నలకు తడబడకుండా జవాబు చెప్పాలనా? ఏదైనా మంచిదే. ప్రమోషన్ కోరుకోవడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. జీతం పెరిగితే ఇల్లు బాగుపడుతుంది. అయితే కారణాన్ని బట్టి దారి మారిపోతుంది.

పోస్టు కోసమైతే ముందు పాత నోటిఫికేషన్లు నాలుగు తీసి చదవండి. పీజీ సబ్జెక్టు పేరు ఎలా ఉండాలన్నారు? కనీస మార్కులు ఎంత? 'మ్యాథమెటిక్స్' అని అడిగినచోట 'అప్లైడ్ మ్యాథమెటిక్స్' ఒప్పుకొంటారా? ఎంఏ ఎడ్యుకేషన్ మంచి చదువే, కానీ ఫిజిక్స్ లెక్చరర్ పోస్టుకు అది అక్కరకు రాదు. రెండేళ్లు కష్టపడి చదివి, సర్టిఫికెట్ల పరిశీలన రోజున తెల్లమొహం వేయాల్సిన పరిస్థితి రాకూడదు. పావుగంట ఓపికపడితే తప్పించుకోగల నష్టం ఇది.

పాఠం బాగా చెప్పడం కోసమైతే డిగ్రీ పేరుకన్నా సిలబస్‌లో ఏముందన్నదే ముఖ్యం. ఆ సిలబస్ ముందు పెట్టుకుని, ఒక్కో పేపరు పక్కన మీరు చెప్పే తరగతిలోని పాఠం పేరు రాయండి. సగం పేపర్లకు కూడా జత దొరక్కపోతే వేరే కోర్సు చూసుకోండి.

డిగ్రీ ఉంటే చాలదు

డిగ్రీ ఉంటే చాలదన్న మాట తేలిగ్గా అనడం లేదు. లిపింగ్ మా అనే పరిశోధకురాలు 1999లో అచ్చువేసిన పుస్తకం ప్రపంచమంతటా లెక్కల టీచర్ల చదువు గురించిన ఆలోచననే మార్చేసింది. ఆమె 23 మంది అమెరికా టీచర్లనూ, 72 మంది చైనా టీచర్లనూ కూర్చోబెట్టి ఒక చిన్న లెక్క ఇచ్చారు: ఒకటీ ముప్పావును అరతో భాగించండి. తర్వాత, ఈ లెక్కకు సరిపోయే ఒక కథ చెప్పండి.

అమెరికా టీచర్లలో సరైన జవాబు రాబట్టినవారు 9 మంది. సరైన కథ చెప్పింది ఒకే ఒక్కరు. చాలామంది 'అరతో భాగించడాన్ని' 'రెండు సగాలుగా పంచడం' అనుకున్నారు. చైనా టీచర్లు 72 మందీ లెక్క సరిగ్గా చేశారు. పదిమందిలో తొమ్మిదిమంది సరిపోయే కథ కూడా చెప్పగలిగారు.

మీరూ ఇప్పుడే ప్రయత్నించండి. ఒకటీ ముప్పావు లీటర్ల పాలున్నాయి. అర లీటరు ప్యాకెట్లలో నింపితే ఎన్ని ప్యాకెట్లు? మూడున్నర. ఇది సరైన కథ. ఒకటీ ముప్పావు లీటర్లను ఇద్దరికి సమానంగా పోస్తే? అది రెండుతో భాగించడం. 'తలకిందులు చేసి గుణించు' అని సూత్రం చెప్పి వదిలేస్తే పిల్లలకు ఈ తేడా ఎప్పటికీ తెలియదు. ఏడో తరగతిలో తెలియనివాడు పదిలో బీజగణిత భిన్నాల దగ్గర చతికిలపడతాడు.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. ఆ అమెరికా టీచర్లు డిగ్రీలు చదివినవారు. చైనా టీచర్లలో ఎక్కువమంది తొమ్మిదో తరగతి తర్వాత రెండు మూడేళ్ల ఉపాధ్యాయ శిక్షణ మాత్రమే పొందినవారు. మరి ఆ లోతు ఎక్కడిది? వాళ్లు తమ పాఠ్యపుస్తకాన్నే పదేపదే తవ్వుకుని చదివారు. తోటి టీచర్లతో కూర్చుని 'ఈ లెక్క ఎలా చెబుదాం' అని ఏళ్ల తరబడి మాట్లాడుకున్నారు.

దీనికి చాలా ముందే, 1986లో, స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు లీ షుల్మన్ ఒక సంగతి తేటతెల్లం చేశారు. సబ్జెక్టు తెలియడం ఒక జ్ఞానం, బోధనా పద్ధతులు తెలియడం ఇంకో జ్ఞానం. ఈ రెండూ కలిసిన చోట టీచరుకు మాత్రమే సొంతమైన మూడో జ్ఞానం ఒకటి ఉంటుంది. ఏ పాఠంలో పిల్లలు ఎక్కడ తప్పటడుగు వేస్తారో, ఏ ఉదాహరణ చెబితే కళ్లు మెరుస్తాయో తెలియడమే ఆ జ్ఞానం. బీఎస్సీ మొదటిదాన్ని ఇచ్చింది. బీఎడ్ రెండోదాన్ని ఇచ్చింది. మూడోదాన్ని సంపాదించుకునే అవకాశంగా మీ పీజీని మలచుకోండి.

పీజీ పాఠం బడిలో ఏం పని చేస్తుంది?

"ఎమ్మెస్సీలో చదివేదానికీ ఎనిమిదో తరగతిలో చెప్పేదానికీ సంబంధం ఏముంది?" అని చాలామంది అడుగుతారు. ఒక తరగతిలోకి వెళ్దాం.

అకరణీయ సంఖ్యల పాఠం నడుస్తోంది. x = 0.999... అనుకుందాం అని టీచరు బోర్డు మీద రాశారు. 10x = 9.999... మొదటిదాన్ని రెండోదానిలోంచి తీసేస్తే 9x = 9. కాబట్టి x = 1. అందరూ నోటుబుక్కులో దించుకున్నారు. మూడో బెంచీలో ఒక అమ్మాయి లేచింది. "సార్, అది ఒకటికి దగ్గరగా వస్తుంది గానీ, ఒకటి ఎలా అవుతుంది?"

"సూత్రం ప్రకారం వచ్చిందమ్మా, రాసుకో" అంటే ఆ అమ్మాయి కూర్చుంటుంది. సందేహం మాత్రం లేచే ఉంటుంది. అదే రియల్ అనాలిసిస్‌ను తరగతిని తలచుకుంటూ చదివిన టీచరైతే ఇలా అంటారు: "మంచి ప్రశ్న. రెండూ వేర్వేరు సంఖ్యలే అనుకుందాం. వేర్వేరు సంఖ్యలు రెండింటిని కూడి సగం చేస్తే వాటి మధ్య ఇంకో సంఖ్య వస్తుంది కదా? 0.999...కూ ఒకటికీ మధ్య ఉండే సంఖ్య ఒకటి చెప్పు." తరగతి మొత్తం వేట మొదలుపెడుతుంది. ఒకరు 0.9999 అంటారు. అది ఒకటి కన్నా చిన్నదే, కానీ 0.999... కన్నా కూడా చిన్నదేనని పక్కవాడే పట్టేస్తాడు. ఎంత వెతికినా మధ్యలో సంఖ్య దొరకదు. "మధ్యలో చోటే లేదంటే?" అని టీచరు అడుగుతారు. "రెండూ ఒకటే సార్!" అని ఆ అమ్మాయే చెబుతుంది. వాస్తవ సంఖ్యల గురించి పీజీలో వందల పేజీల్లో చదివిన సారం పది నిమిషాల్లో ఎనిమిదో తరగతికి అందింది.

సైన్స్‌లో కూడా అంతే. 'మొక్క తన ఆహారాన్ని నేల నుంచి తీసుకుంటుంది' అని నమ్మే పిల్లలు ప్రతి తరగతిలో ఉంటారు. కిరణజన్య సంయోగక్రియ నిర్వచనం అప్పజెప్పినవాళ్లు కూడా లోపల అదే నమ్ముతారు. వాన్ హెల్మాంట్ అనే శాస్త్రవేత్త చేసిన ప్రయోగం చెప్పి చూడండి. 1648లో అచ్చయిన విషయం ఇది. ఆరబెట్టి తూచిన దాదాపు 90 కిలోల మట్టిలో రెండు కిలోల పైచిలుకు విల్లో మొక్కను నాటి, ఐదేళ్లు నీళ్లు పోశాడు. చెట్టు 76 కిలోలకు పైగా తూగింది. మట్టి తగ్గింది 60 గ్రాములకు లోపే! 'మరి మిగతా బరువు ఎక్కడి నుంచి వచ్చింది?' అని అడిగి ఊరుకోండి. నీళ్ల నుంచేనని వాన్ హెల్మాంట్ తేల్చాడు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పాత్ర తర్వాతివాళ్లు కనుక్కున్నారు. ఆ ఆలోచన సాగిన దారిలోనే మీ పిల్లలనూ నడిపించండి.

ఫిజిక్స్‌లో రుతువుల సంగతి చూడండి. 1987లో తీసిన 'ఎ ప్రైవేట్ యూనివర్స్' అనే చిత్రంలో హార్వర్డ్ పట్టభద్రోత్సవం రోజున 23 మందిని 'ఎండాకాలం ఎందుకు వస్తుంది' అన్న తరహా ప్రశ్నలు అడిగితే 21 మంది తప్పు చెప్పారు. భూమి సూర్యుడికి దగ్గరగా వెళ్లినప్పుడు ఎండాకాలం వస్తుందన్న అపోహ అంత బలమైనది. జనవరి మొదటి వారంలో భూమి సూర్యుడికి అతి దగ్గరగా ఉంటుందనీ, సరిగ్గా ఆ రోజుల్లోనే లంబసింగిలో చలి వణికిస్తుందనీ చెబితే పిల్లలు కారణం కోసం తమంతట తామే వెతుకుతారు. భూమి అక్షం వాలు గురించి అప్పుడు చెప్పండి, మరిచిపోరు.

'దూరవిద్యా?' అనే చిన్నచూపు వద్దు

"కరెస్పాండెన్స్ డిగ్రీయా?" అని పెదవి విరిచేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లకు ఒక చరిత్ర చెప్పండి. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో పుట్టింది మన హైదరాబాద్‌లోనే. ఆనాటి ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీయే ఇవాళ్టి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. దాని తొలి ఉపకులపతి జి. రాంరెడ్డి. 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అంటే ఇగ్నో, ఏర్పడితే దానికీ తొలి ఉపకులపతి ఆయనే. ఆ తర్వాత యూజీసీ ఛైర్మన్ కూడా అయ్యారు. పనిచేసుకుంటూ చదువుకోవాలనుకునే కోట్లమందికి తలుపులు తీసిన చదువు ఇది. మీరు నడిచేది మన నేల మీద వేసిన బాటలోనే.

ఫీజు కట్టేముందు అయిదు పనులు

1. యూజీసీ దూరవిద్యా విభాగం (డెబ్) వెబ్‌సైట్‌లో ఆ యూనివర్సిటీ పేరు ఒక్కటే చూసి సరిపెట్టుకోకండి. మీరు చేరబోయే కోర్సు పేరు, మీరు చేరే విద్యాసంవత్సరం, దూరవిద్యా లేక ఆన్‌లైనా అన్న వివరం, మూడూ జాబితాలో ఉండాలి. ఒక్కటి లేకపోయినా డబ్బు కట్టకండి. చేరేముందు అక్కడే డెబ్-ఐడీ కూడా తీసుకోవాలి.

2. మీ ఊళ్లో బోర్డు కట్టి 'పక్క రాష్ట్రం యూనివర్సిటీ స్టడీ సెంటర్' అంటే జాగ్రత్త. రాష్ట్ర విశ్వవిద్యాలయాలు దూరవిద్యను తమ పరిధి దాటి నడపకూడదు. ఫ్రాంచైజీలకు అప్పగించడానికీ వీల్లేదు. ఇగ్నోకు దేశమంతా పరిధి ఉంది. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నంలలో ప్రాంతీయ కేంద్రాలున్నాయి.

3. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బోటనీ, జువాలజీ చదవాలనుకునేవారు ప్రాక్టికల్స్ ఎక్కడ, ఎన్ని రోజులు అని ముందే అడగండి. ప్రయోగశాల మొహం చూడకుండా కెమిస్ట్రీ ఎమ్మెస్సీ ఇస్తామంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. సైన్స్ టీచరుకు అలాంటి డిగ్రీ వల్ల ఒరిగేది ఏమీ లేదు. పూర్తిగా ఆన్‌లైన్‌లో చదవడానికి గణితం అన్నిటికన్నా అనువైనది.

4. ఆన్‌లైన్‌లో పీహెచ్‌డీ ఇప్పిస్తామనే ప్రకటనలను నమ్మకండి. విదేశీ యూనివర్సిటీల పేరు చెప్పి ఎడ్‌టెక్ కంపెనీలు అమ్మే ఆన్‌లైన్ పీహెచ్‌డీలకు గుర్తింపు లేదని యూజీసీ, ఏఐసీటీఈ 2022లోనే హెచ్చరించాయి.

5. ప్రభుత్వ టీచర్లయితే శాఖాపరంగా ఏ అనుమతి కావాలో చేరకముందే మీ హెచ్ఎంను అడగండి. నోటిమాటతో సరిపెట్టుకోకుండా కాగితం తీసుకుని దాచుకోండి. కోర్సు పూర్తయ్యాక సర్వీస్ రిజిస్టర్‌లో నమోదు చేయించుకోవడం మరిచిపోకండి.

ముందు ఒక కోర్సు, తర్వాత డిగ్రీ

చదువు మానేసి పది పదిహేనేళ్లయింది. ఒకేసారి రెండేళ్ల కోర్సులోకి దూకకండి. ముందు 12 వారాల కోర్సు ఒకటి పూర్తిచేయండి. కేంద్ర ప్రభుత్వం 2017 జూలైలో ప్రారంభించిన స్వయం వేదిక మీద, ఐఐటీలూ ఐఐఎస్సీ కలిసి నడిపే ఎన్‌పీటెల్‌లో రియల్ అనాలిసిస్, లీనియర్ ఆల్జీబ్రా మొదలు క్వాంటమ్ మెకానిక్స్ దాకా ఉన్నాయి. పాఠాలు ఉచితం. సర్టిఫికెట్ కావాలంటే వెయ్యి రూపాయల ఫీజు కట్టి, కేంద్రానికి వెళ్లి పరీక్ష రాయాలి. వారంవారం అసైన్‌మెంట్లకు 25 మార్కులు, పరీక్షకు 75.

ఆ వెయ్యి రూపాయలు కట్టేయండి. హార్వర్డ్, ఎంఐటీ లెక్కల్లో సర్టిఫికెట్ కోసం డబ్బు కట్టినవారిలో 46 శాతం మంది కోర్సు పూర్తిచేశారు. మొత్తం మీద 3.13 శాతం అని చెప్పుకున్నాం కదా, తేడా చూడండి. జేబులోంచి డబ్బు తీసేంత గట్టిగా నిర్ణయించుకున్నవారు నిలబడ్డారు.

టీచర్లు గమనించాల్సిన సంగతి ఒకటుంది. జనవరిలో మొదలయ్యే కోర్సుల పరీక్షలు ఏప్రిల్‌లో వస్తాయి. మనకు అది పదో తరగతి పబ్లిక్ పరీక్షలు, ఇన్విజిలేషన్, స్పాట్ వాల్యుయేషన్‌తో ఊపిరాడని కాలం. మొదటిసారి చేరేవారు జూలై కోర్సే ఎంచుకోండి. బడులు తెరిచిన హడావిడి అప్పటికి తగ్గుతుంది, మధ్యలో దసరా సెలవులు కలిసొస్తాయి.

ఈ 12 వారాలు మీ గురించి మీకు చాలా చెబుతాయి. ఏ వేళ మెదడు చురుగ్గా ఉంటుంది, ఇంగ్లిష్ పాఠం ఎంతవరకు అందుతోంది, ఏ అంశాలు మరిచిపోయారు, అన్నీ తేలిపోతాయి. డిగ్రీలో చేరాలా వద్దా అన్న నిర్ణయం అప్పుడు గట్టిగా తీసుకోగలరు.

టైం ఎక్కడుంది?

లెక్క కడదాం. ఇగ్నో పద్ధతిలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. నాలుగు క్రెడిట్ల పేపరుకు 120 గంటలు. రోజుకు గంటన్నర చొప్పున 80 రోజులు. అంటే రోజుకు గంటన్నర మాత్రమే ఇవ్వగలిగినవారు ఆరు నెలల్లో రెండు పేపర్లు పూర్తిచేయగలరు. నాలుగు పేపర్లు నెత్తిన వేసుకుంటే నాలుగూ దెబ్బతింటాయి. కోర్సు పూర్తిచేయడానికి ఇచ్చిన గరిష్ఠ గడువు ఎంతో చూసుకుని, అవసరమైతే దాన్ని నిస్సంకోచంగా వాడుకోండి. ఆలస్యంగా పూర్తయిన డిగ్రీ, రెండేళ్లకని మొదలుపెట్టి మధ్యలో వదిలేసిన డిగ్రీ కన్నా వెయ్యి రెట్లు మేలు.

ఆ గంటన్నర తెల్లవారుజామున దొరికితే మంచిది. ఐదింటికి ఫోన్ మోగదు, ఎవరూ పిలవరు. బడిలో లీజర్ పీరియడ్ దొరికితే అసైన్‌మెంట్ లెక్క ఒకటి చేయండి. ఎఫ్ఏ, ఎస్ఏ పరీక్షల పేపర్లు దిద్దే వారాల్లో, ఎలక్షన్ డ్యూటీ పడ్డ రోజుల్లో చదువు సాగదు. ఆ రోజులను క్యాలెండర్‌లో ముందే కొట్టేసి, మిగిలిన రోజులకే ప్రణాళిక వేయండి. సంక్రాంతి సెలవుల్లో మూడు రోజులు, వేసవిలో మూడు వారాలు చదువుకు కేటాయిస్తే వెనకబడ్డదంతా సర్దుకుంటుంది.

టీచరమ్మలకు ఒక మాట. ఇంటిపనంతా ముగించి, అందరూ పడుకున్నాక పుస్తకం తీస్తానంటే ఆ చదువు నెల దాటదు. కోర్సులో చేరేముందే ఇంట్లో అందరినీ కూర్చోబెట్టండి. "పొద్దున ఐదు నుంచి ఆరున్నర వరకు నేను చదువుకుంటాను. టిఫిన్, పిల్లల బాక్సులు మీరు చూసుకోండి" అని భర్తకు సూటిగా చెప్పండి. అత్తగారికీ చెప్పండి. పిల్లలకైతే మరీ గట్టిగా చెప్పండి, అమ్మ చదువుకుంటోందని తెలిస్తే వాళ్లు గొడవ చేయరు, పక్కన కూర్చుంటారు. మగవారు కూడా ఇదే గంటన్నర కోరుకునేముందు ఇంట్లో ఏ పని పంచుకుంటారో చెప్పాలి.

చూస్తే రాదు, రాస్తేనే వస్తుంది

ఆన్‌లైన్ చదువులో పెద్ద ఉచ్చు వీడియో. ఆచార్యులు బోర్డు మీద చకచకా నిరూపణ రాస్తుంటే అంతా అర్థమైనట్టే ఉంటుంది. వీడియో ఆపి తెల్లకాగితం తీస్తే రెండో లైను రాదు.

రోడిగర్, కార్పికీ అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్తలు 2006లో చేసిన ప్రయోగం ప్రతి టీచరూ తెలుసుకోవాలి. కొందరు విద్యార్థులు ఒక వ్యాసాన్ని నాలుగుసార్లు చదివారు. ఇంకొందరు ఒక్కసారి చదివి, మూడుసార్లు చూడకుండా గుర్తు తెచ్చుకుని రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే చదివినవాళ్లకు 40 శాతం గుర్తుంది, రాసినవాళ్లకు 61 శాతం.

అందుకే ఇలా చేయండి. ఇరవై నిమిషాల వీడియో చూడండి. మూసేయండి. తెల్లకాగితం మీద గుర్తున్నదంతా రాయండి. ఆగిపోయిన చోట గీత పెట్టి, అంతవరకే మళ్లీ చూడండి. లెక్కలైతే నిరూపణ మొత్తం సొంతంగా రాసేదాకా ముందుకు వెళ్లకండి. చివర్లో ఒక్క ప్రశ్న వేసుకోండి: 'దీనిలో నా పిల్లలకు ఏం చెప్పగలను?' ఒక ప్రశ్న, ఒక ఉదాహరణ, ఒక బొమ్మ, ఏదో ఒకటి లెసన్ ప్లాన్‌లో రాసుకున్నాకే లేవండి. తరగతిలో ఇదే పద్ధతి పిల్లల చేత చేయించండి. మీ చదువూ, వాళ్ల చదువూ ఒకేసారి బాగుపడతాయి.

తప్పుల నోటుబుక్ పెట్టండి

అమెరికాలో మోంటానా స్టేట్ యూనివర్సిటీ సైన్స్ టీచర్ల కోసమే ఒక మాస్టర్స్ కోర్సు నడుపుతోంది. పాఠాలు ఎక్కువగా ఆన్‌లైన్‌లోనే ఉంటాయి. అందులో టీచరు తన తరగతి మీదే పరిశోధన చేయాలి. అలాంటి షరతు మీ కోర్సులో లేకపోయినా ఆ పని మీరు చేయొచ్చు. దానికి కావలసింది ఒక 200 పేజీల నోటుబుక్.

పిల్లలు చేసే తప్పులను అందులో రాయండి. (a + b)² విలువ a² + b² అని ఎంతమంది రాశారు? ఏ పాఠం తర్వాత రాశారు? చతురస్రం గీసి, భుజాలను ముక్కలు చేసి చూపించాక ఎంతమంది మారారు? నెల తర్వాత మళ్లీ అడిగితే ఎంతమంది పాత తప్పుకే వెళ్లారు? తేదీతో సహా రాయండి. ఏడాది తిరిగేసరికి మీ చేతిలో ఏ గైడులోనూ దొరకని పుస్తకం ఉంటుంది. పీజీ ప్రాజెక్టుకు అంశం వెతుక్కోనక్కర్లేదు. స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో మీ వంతు వచ్చినప్పుడు ఏం మాట్లాడాలో తడుముకోనక్కర్లేదు.

ఆ సమావేశాల్లోనే తోడు కూడా వెతుక్కోండి. మీ మండలంలో పీజీ చేయాలనుకునే లెక్కల మాస్టార్లు ఇద్దరు, సైన్స్ టీచర్లు ఇద్దరు తప్పకుండా ఉంటారు. వారానికి ఒకరోజు గంటసేపు కలవండి, కుదరకపోతే వీడియో కాల్‌లో మాట్లాడండి. ఒక్కొక్కరు ఒక్కో నిరూపణ మిగతావారికి చెప్పాలి. చైనా టీచర్లకు లోతు ఇచ్చింది ఈ అలవాటే. అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం లెక్కల టీచర్ల కోసం తెచ్చే 'ఎట్ రైట్ యాంగిల్స్', సైన్స్ టీచర్ల కోసం తెచ్చే 'ఐ వండర్' పత్రికలు ఉచితంగా దొరుకుతాయి. నెలకో వ్యాసం కలిసి చదవండి.

వయసు దాటిపోయిందా?

నలభై దాటాక ఎమ్మెస్సీ ఏమిటని అనుకోకండి. ఇరవై రెండేళ్ల కుర్రాడికి తెలియనిది మీకు తెలుసు. రుణసంఖ్యల దగ్గర పిల్లవాడు ఎందుకు తడబడతాడో, ఓమ్ నియమం చెప్పేటప్పుడు ఏ మాట దగ్గర తరగతి అంతా మొహాలు చూసుకుంటుందో మీరు వందసార్లు చూశారు. మీకు కావలసింది ఆ అనుభవానికి కింద పునాది వేసే శాస్త్రం. అనుభవం ఉన్నవాడి చేతికి శాస్త్రం అందితే దాని విలువ పదింతలవుతుంది.

జాతీయ విద్యా విధానం 2020 ప్రతి టీచరూ ఏటా కనీసం 50 గంటలు వృత్తి నైపుణ్యాన్ని పెంచుకోవాలని చెప్పింది. దాన్ని పై అధికారుల కోసం నింపే ఫారంగా చూడకండి. మీ కోసం, మీ పిల్లల కోసం మీరే ఎంచుకున్న చదువుగా మార్చుకోండి.

ఈ ఆదివారం మూడు పనులు చేయండి. 'పీజీ ఎందుకు' అన్న ఒక్క వాక్యం రాయండి. మీకు నచ్చిన కోర్సు సిలబస్ తీసి, మీ పాఠాలతో జతచేయండి. మీతో కలిసి చదివే ఒక టీచరుకు ఫోన్ చేయండి. సోమవారం నుంచి గంటన్నర మొదలుపెట్టండి.

చదువుకోండి, చదువుకోండి అని పిల్లలకు రోజూ చెబుతూనే ఉన్నాం. మా మాస్టారు కూడా చదువుకుంటున్నారని తెలిసిన తరగతిలో ఆ మాట రెండోసారి చెప్పాల్సిన పని ఉండదు.